ఒకే వాచీకి రెండు పొరలు

గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. నాలుగింటికి టెస్టర్ మీద కేసు పెట్టాలని కంపెనీ నిర్ణయించేసింది. అంటే వారంటీ పిన్ని చేతిలో ఉన్నది పది నిమిషాలు తక్కువ మూడు గంటలు.

వారంటీ పిన్ని అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. ఇరవై రెండేళ్ళు ఫోన్ల సర్వీసు సెంటర్లో కౌంటర్ వెనక కూర్చున్న మనిషి ఆమె. 'దానంతటదే ఆగిపోయిందండీ' అంటూ వచ్చిన ప్రతి ఫోనునూ విప్పి, అది బకెట్లో పడిందో, చంటిపిల్లాడు నేలకేసి కొట్టాడో, మొగుడి మీది కోపం గోడ మీద చూపించారో చెప్పేది. వస్తువు అబద్ధమాడదు, తెచ్చినవాడే ఆడతాడన్నది ఆ ఇరవై రెండేళ్ళలో ఆమె నేర్చిన చదువు. ఉద్యోగం వదిలి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నా జనం పాత పిలుపు మానలేదు, ఆమే మానమనలేదు.

ఇప్పుడామె వాచీల కంపెనీ టెస్టింగ్ గదిలో, టెస్టర్ ఎదురుగా కూర్చుని ఉంది. టెస్టర్‌కి ముప్పై నాలుగేళ్ళు, ఎనిమిదేళ్ళ సర్వీసు. ఆమె ఏడవడం లేదు. బల్ల మీదున్న పెన్నును, నోటు పుస్తకాన్ని, నీళ్ళ గ్లాసును ఒక వరసలో సర్దుతోంది, అది కుదిరాక మళ్ళీ సర్దుతోంది. నిన్నటి నుంచి ఇదే పనట.

పిన్నిని ఈ కేసులోకి దింపింది కంపెనీ కాదు, టెస్టర్ అత్తగారు. నిన్న సాయంత్రం ఆవిడ నేరుగా ఆఫీసుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. కోడళ్ళ మీద ఫిర్యాదులతో వచ్చే అత్తగార్లను చూసి చూసి ఉన్న పిన్ని, ఇదీ ఆ బాపతే అనుకుంది. ఆవిడ మాత్రం, "మా కోడలు తలుపు గడియ పడిందో లేదో మూడుసార్లు లేచి చూస్తుంది. దాంతో వేగలేక చస్తున్నాం. అలాంటి పిల్ల చూడకుండా సంతకం పెట్టిందంటే నేను ఒప్పుకోను" అంది. కోడలికి అత్త ఇచ్చిన ఆ సర్టిఫికెట్ చాలు, పిన్ని కేసు తీసుకుంది.

జరిగింది చెప్పాలంటే రెండు మాటలు. ఈ కంపెనీ మూడేళ్ళు కష్టపడి ఒక స్మార్ట్ వాచీ చేసింది. ఒకసారి చార్జింగ్ పెడితే నెలరోజులు నడుస్తుంది, గంటసేపు నీళ్ళలో మునిగినా చావదు. గొప్పంతా లోపలి బ్యాటరీది. శుక్రవారం నుంచి ఆన్‌లైన్‌లో అమ్మకాలు. దానికి ముందు, కొత్త వస్తువుల పెట్టెలు కెమెరా ముందు విప్పి చూపించే ఒక పేరుమోసిన కుర్రాడికి మొదటి వాచీ పంపారు. మంగళవారం మూడూ పదికి టెస్టర్ వాచీని పాస్ చేసి సంతకం పెట్టింది, ఆమె కళ్ళ ముందే పెట్టెకు సీలు వేశారు. నాలుగున్నరకు అది కుర్రాడి స్టూడియోకు చేరింది. బుధవారం పదకొండింటికి లైవ్. పదకొండూ ఏడుకు వాచీని గాజు గిన్నెలోని నీళ్ళలో ముంచాడు. పదకొండూ తొమ్మిదికి బుసబుసా పొగ, కుర్రాడి రెండు వేళ్ళు కాలాయి. ఇప్పటికి ఆ వీడియోను అరవై లక్షలమంది చూశారు. వాచీకి 'కుంపటి' అని పేరు పెట్టి, దాని మీద టీ కాచుకుంటున్నట్టు బొమ్మలు కూడా వదిలారు.

నవ్వేవాళ్ళు నవ్వారు. టెస్టర్ మెడకు మాత్రం ఉచ్చు బిగిసింది. పరీక్ష చెయ్యకుండానే సంతకం పెట్టి ఒక మనిషి చెయ్యి కాలడానికి కారణమైందని ఆరోపణ. ఉద్యోగం పోవడం అందులో చిన్న భాగం. ఇకపైన ఆమె సంతకాన్ని ఏ కంపెనీ నమ్ముతుంది?

"ఇరవై రెండు పరీక్షలు చేశాను పిన్నిగారూ" అంది టెస్టర్. "గంటసేపు నీళ్ళలో పెట్టి పక్కనే కూర్చున్నాను. నేను సంతకం పెట్టానంటే చూసే పెట్టాను."

పిన్ని తల ఊపి, ఫోన్లో లైవ్ వీడియో పెట్టింది. ఆమె చూడడం అది పదకొండోసారి. పొగ దగ్గర కాదు, నాలుగో నిమిషం దగ్గర ఆపింది. అందులో కుర్రాడు వాచీ అద్దం మీది ప్లాస్టిక్ పొరను ఒలుస్తున్నాడు. అంచును గోటితో గీకి, గీకి, లేవదీసి చర్రుమని లాగాడు.

మీ ఫ్యాక్టరీలో ఈ పొరను ఎవరు అంటిస్తారని పిన్ని అడిగింది. మిషన్ అంటిస్తుందనీ, కొన్నవాళ్ళు పట్టుకుని లాగడానికి వీలుగా అంచున చిన్న ఎర్ర తోక ఉంటుందనీ టెస్టర్ చెప్పింది. చెబుతూ చెబుతూ ఫోను వైపు చూసి ఆగిపోయింది. వీడియోలో పొరకు తోక లేదు. తోక ఉంటే ఆ గోటితో గీకుడెందుకు?

"ఇది మా పొర కాదు" అంది మెల్లగా.

"తోక ఊడిపోయి ఉంటుంది" అన్న మాట గుమ్మంలోంచి వచ్చింది.

గుమ్మంలో గ్రాఫు సార్ నిలబడి ఉన్నాడు. కొత్త వాచీ రహస్యాలు బయటికి పొక్కకుండా కాపలా కాయడానికి కంపెనీ రెండు నెలల క్రితం పెట్టుకున్న సైబర్ నిపుణుడాయన. ఇప్పుడు విచారణ కూడా ఆయన చేతిలోనే పెట్టారు. ఏం అడిగినా ట్యాబ్ తిప్పి గ్రాఫు చూపిస్తాడు కాబట్టి వెనకాల అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఇస్త్రీ నలగని పొడుగు చేతుల చొక్కా, నవ్వితే పళ్ళు కనిపించని నవ్వు. ఆయన వెనక పోలీసు అధికారి. నాలుగింటికి కేసు రాయాల్సింది ఆయనే. ఈలోగా చెయ్యి కాలిన కుర్రాడి వాంగ్మూలం తీసుకోవడానికి స్టూడియోకు బయల్దేరాడు.

గ్రాఫు సార్ తన గ్రాఫును మళ్ళీ వివరించాడు. కాలిన వాచీలోంచి తీసిన చిప్‌లో లైవ్‌కు ముందు వాచీ ఆన్ అయిన జాడ ఒక్కటి కూడా లేదు. ఆన్ చెయ్యకుండా పరీక్ష ఎలా చేస్తారు? కాబట్టి పరీక్ష జరగలేదు, సంతకం దొంగది, ఇక చెప్పుకోవడానికేముంది అని ముగించాడు.

"ఇంకొకటి కూడా చెప్పుకోవచ్చండి" అంది పిన్ని. "కాలింది ఈ అమ్మాయి పరీక్ష చేసిన వాచీ కాదేమో."

"సీలు వేసిన పెట్టెలో వాచీ మారిపోయిందా? మేడం గారూ, నా దగ్గర డేటా ఉంది. మీ దగ్గర ఊహ ఉంది."

"నిజమేనండీ. డేటా తెచ్చినవాళ్ళను కూడా కాస్త చూడడం నా పాత అలవాటు."

గ్రాఫు సార్ మొహంలో నవ్వు తగ్గింది. టైము వృథా అని అధికారితో అన్నాడు గానీ, అధికారి నిదానస్తుడు. ఎలాగూ వెళ్తున్నాం, ఆవిడ కూడా వస్తే మనదేం పోతుందన్నాడు. టెస్టర్‌ను అక్కడే ఉండమని చెప్పి ముగ్గురూ కదిలారు.

రెండూ ఐదుకు స్టూడియో చేరారు. స్టూడియో అంటే ఒక మేడ మీద ఒకే ఒక గది. మూడు పెద్ద లైట్లు, రెండు కెమెరాలు, ఒక తెల్ల బల్ల. బల్ల మీద నిన్నటి గాజు గిన్నె ఇంకా నీళ్ళతోనే ఉంది. ఒక పక్క కప్పు దాకా ఖాళీ పెట్టెలు. ఆ పెట్టెల మూలానే కుర్రాడిని ఊరూవాడా 'పెట్టె బావ' అంటారు. ఇరవై లక్షలమంది ఏ చుట్టరికం లేకుండా బావా బావా అంటుంటే ఎవరికైనా తల తిరుగుతుంది, ఈ కుర్రాడికీ కొంచెం తిరిగింది. అయితే ఇవాళ మాత్రం కుడిచేతి రెండు వేళ్ళకు కట్టుతో, పీక్కుపోయిన మొహంతో ఉన్నాడు.

అధికారి వాంగ్మూలం రాసుకున్నాడు. పెట్టె ఎన్నింటికొచ్చింది, ఎన్నింటికి విప్పావు అని గ్రాఫు సార్ మధ్యమధ్యలో నిమిషాలతో సహా అడిగాడు. పెట్టె వచ్చింది వచ్చినట్టు అరలో పెట్టాననీ, లైవ్‌లోనే మొదటిసారి విప్పాననీ కుర్రాడు చెప్పాడు. కంపెనీతో ఒప్పందం కూడా అదే, ముందు విప్పకూడదు. చెబుతున్నంతసేపూ అతని చూపు అధికారి మీద నిలవలేదు.

పిన్ని ఇవేవీ విననట్టు గదంతా తిరిగింది. అరలో ఒక చిన్న మిషన్ కనిపించింది, దుకాణాల్లో పెట్టెలకు పారదర్శకమైన కాగితం చుట్టి వేడితో అతికించేది. పక్కనే పలచటి ప్లాస్టిక్ చుట్ట, ఒక కత్తెర. ఆమె వాటి జోలికి పోకుండా కుర్రాడి పక్కన కూర్చుని అతని వృత్తి గురించి కబుర్లలోకి దింపింది. పొర ఒలిచేటప్పుడు ఆ చప్పుడు అంత బాగా ఎలా వస్తుంది బాబూ, మా ఇంట్లో ఒలిస్తే చడీచప్పుడూ ఉండదు అంది.

పొగిడితే పొంగని కళాకారుడు లేడు. కుర్రాడి మొహానికి నిన్నటి నుంచి లేని రంగు వచ్చింది. ఆ చప్పుడు కోసమే సగం మంది చూస్తారని చెప్పాడు. బల్ల కింద వేరే మైకు పెట్టాడట. మొదటి టేకు ఎప్పుడూ సరిగ్గా రాదు కాబట్టి కొత్త పొర కత్తిరించి అంటించి, పెట్టె మళ్ళీ అతికించి, రెండోసారి, మూడోసారి తీస్తాడట. ఈ పనిలో ఉన్నవాళ్ళంతా చేసేదేనని కూడా అన్నాడు. అంటూనే నాలుక కరుచుకుని, లైవ్‌కి మాత్రం ఒకటే టేకని కలిపాడు.

"అంతే కదా మరి" అంది పిన్ని ఎంతో అమాయకంగా.

గ్రాఫు సార్ చేతి గడియారం వైపు చూసుకుని, చెయ్యి మళ్ళీ చొక్కా చేతిలోకి లాక్కున్నాడు. రెండూ నలభై అయింది, ఇక లేద్దామన్నాడు. పిన్ని లేచింది, అయితే తలుపు వైపు కాదు, తలుపు పక్క గోడ వైపు.

ఆ గోడ అతని వీడియోలు చూసేవాళ్ళందరికీ తెలిసినదే. ఇంతవరకూ విప్పిన ప్రతి వస్తువు మీది అసలు పొరనూ కుర్రాడు ఆ గోడకు అంటించి, మార్కరుతో నంబరు వేస్తాడు. ప్రతి వీడియో చివర్లో ఆ అంటించే ముచ్చట ఉంటుంది. పిన్ని ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా వెళ్ళి, సర్వీసు సెంటర్లో ఫోన్లు చూసినట్టే ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. నాలుగువందల పదకొండు, ఏదో పెద్ద ఫోనుది. నాలుగువందల పన్నెండు, గుండ్రంగా, వాచీ అంత, అంచున చిన్న ఎర్ర తోక.

"ఇది నిన్నటి వాచీదేనా బాబూ?"

అవును, నిన్న లైవ్‌లో ఒలిచిందే అన్నాడు కుర్రాడు.

పిన్ని గ్రాఫు సార్ వైపు తిరిగింది. నిన్న పొగ వచ్చిన వెంటనే ఈ బల్ల మీది వస్తువులన్నీ మీరే సంచిలో వేశారట కదా, ఆ జాబితా ఒకసారి చదివి పెట్టండని వినయంగా అడిగింది. జాబితాలంటే ఆయనకు ప్రాణం. వెంట తెచ్చిన సాక్ష్యాల సంచి బల్ల మీద పెట్టి, ట్యాబ్ తెరిచి చదివాడు. ఒకటి, కాలిన వాచీ. రెండు, దాని పెట్టె. మూడు, పెట్టె మీది సీలు. నాలుగు, గుండ్రటి ప్లాస్టిక్ పొర, బల్ల మీద దొరికినది. ఐదు, కంపెనీలో స్వాధీనం చేసుకున్న టెస్టర్ ట్యాబ్.

చదివేదాకా గానీ చదివిందేమిటో ఆయనకు తెలియలేదు.

"నాలుగోది బయటికి తియ్యండి సార్" అంది పిన్ని.

అధికారే సంచి లాక్కుని తీశాడు. గుండ్రటి పొర. తోక లేదు, తోక ఊడిన గుర్తూ లేదు, అంచు చుట్టూ కత్తెర పడిన ఎగుడుదిగుళ్ళు. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని గోడ దగ్గరకు నడిచి, నాలుగువందల పన్నెండు పక్కన పెట్టి చూశాడు.

"ఫ్యాక్టరీలో ఒక వాచీకి ఒకటే పొర" అంది పిన్ని. "ఇక్కడ రెండున్నాయి. తోక ఉన్నది లైవ్‌కు ముందే ఒలిచారు. తోక లేనిది ఆ తరవాత కత్తిరించి అంటించారు. సీలు వేసిన పెట్టె లైవ్‌కు ముందు తెరుచుకుందని చెప్పడానికి ఇంతకన్నా డేటా నాకు దొరకదు."

కుర్రాడు కూలబడ్డాడు. పిన్ని గొంతు పెంచలేదు. గోడకు ఎందుకు అంటించావు నాయనా, పారేసినా బాగుండేది కదా అని మాత్రం అడిగింది. ఒలిచిన వెంటనే అంటించకపోతే జిగురు పోతుందని అతను ఏడుపు గొంతుతో చెప్పాడు. పైగా గోడకు అసలు పొరే వెయ్యాలని అతని నియమం. నాలుగేళ్ళలో అబద్ధం దూరని చోటు ఏదన్నా ఉంటే అదొక్క గోడేనట. పిన్నికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఆ తరవాత మాటలు వరదలా వచ్చాయి. మంగళవారం ఐదింటికి రిహార్సల్ కోసం పెట్టె విప్పాడు. పొర ఒలిచాడు, నీళ్ళలో ముంచి కూడా చూశాడు. వాచీ చక్కగా పనిచేసింది. ఆరూ పదికి ఒక మనిషి కంపెనీ తరఫున వచ్చాడు. మొదటి వాచీ మీద గీత పడింది, దీన్ని పెట్టుకో అని ఇంకో వాచీ ఇచ్చాడు. విప్పిన పెట్టె చూసి, నువ్వు ఒప్పందం తప్పింది నేను చూడలేదు, నువ్వూ నన్ను చూడలేదు అన్నాడు. మొదటి వాచీ పట్టుకుని, తను తెచ్చిన కంపెనీ సీలు కాగితం కుర్రాడి చేతిలో పెట్టి పోయాడు. కొత్త వాచీ మీద పొర లేదు. పొర లేకుండా వాచీ తీస్తే జనం ఊరుకోరని కుర్రాడు కొత్త పొర కత్తిరించి అంటించి, పెట్టెకు సీలు వేశాడు. చెయ్యి కాలాక నిజం చెబుదామనుకున్నాడు గానీ, ముందు విప్పిన సంగతి బయటపడితే ఇక ఏ కంపెనీ పెట్టె పంపదని నోరు కుట్టుకున్నాడు.

"ఎవరా మనిషి?" అని అధికారి అడిగాడు.

కుర్రాడు నేల చూపులు చూశాడు. గ్రాఫు సార్ ట్యాబ్ మూసేసి, ఇది బెదిరించి చెప్పించిన మాట, కోర్టులో నిలవదు, కుర్రాడిని డాక్టర్‌కు చూపించి రేపు మాట్లాడదామన్నాడు.

పిన్ని ఆయన్నే చూస్తోంది. సర్వీసు సెంటర్లో ఒక రకం కస్టమర్లు ఉండేవారు. ఫోను ఎందుకు పాడైందని వాళ్ళు ఎప్పుడూ అడగరు, ఎప్పుడు బాగవుతుందనే అడుగుతారు. ఎందుకో తెలిసినవాడికి అడగాల్సిన పనేముంది?

"సార్, వచ్చినప్పటి నుంచీ నిమిషాలతో సహా అన్నీ అడుగుతున్నారు" అంది. "వాచీ మార్చిన మనిషి ఎవరని మాత్రం అడగలేదు."

కుర్రాడు కట్టు ఉన్న చెయ్యే ఎత్తి, గ్రాఫు సార్ వైపు చూపించాడు.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఫ్యాక్టరీలో వాచీ పోతే ఊరంతా వెతుకుతారు. అరవై లక్షలమంది చూస్తుండగా కాలిపోయిన వాచీని ఎవరూ వెతకరు. అందుకే నీళ్ళు తగిలితే మండే నకిలీని అసలు వాచీ స్థానంలో పెట్టించాడు. మూడేళ్ళ కష్టం ఆ చిన్న బ్యాటరీలో ఉంది, దానికోసం కాచుకున్న పోటీ కంపెనీలకు కొదవలేదు. విచారణ కూడా తన చేతికే వచ్చాక ఇక ఆయనకు ఎదురేముంది? ఆన్ చేసిన జాడ లేని చిప్ చూపించి ఒక అమాయకురాలిని బలిపెట్టడం ఒక్కటే మిగిలింది. పిన్నికి ఒళ్ళు మండింది, అది గొంతులో తెలియకుండా దాచుకుంది.

గ్రాఫు సార్ అంత తేలిగ్గా పడే మనిషి కాదు. గట్టిగా నవ్వాడు, ఈసారి పళ్ళు కనిపించాయి.

"అబద్ధాలకోరని మీరే తేల్చిన కుర్రాడి మాట. అంతేనా మీ సాక్ష్యం? నా ఇల్లు వెతకండి, ఆఫీసు వెతకండి, సంచి వెతకండి. ఆ వాచీ దొరికితే అప్పుడు మాట్లాడండి."

మూడూ ఐదయింది. అధికారి ఇబ్బందిగా పిన్ని వైపు చూశాడు. వాచీ లేకపోతే నాలుగింటి కేసు ఆపడం ఆయన చేతిలో లేదు.

పిన్ని టెస్టర్‌కు వీడియో కాల్ చేసి, ఒకే ఒక ప్రశ్న అడిగింది. పాస్ చేసిన వాచీకీ ఆమెకూ ఆ తరవాత ఏ సంబంధం ఉండదా? ఎందుకుండదని టెస్టర్ అంది. కొన్నవాళ్ళు తమ ఫోనుతో కలుపుకునేదాకా వాచీ తన టెస్టింగ్ ట్యాబ్‌తోనే కలిసి ఉంటుంది. ముప్పై అడుగుల్లోకి వస్తే తనంతట తానే పలుకుతుంది. విడదియ్యాలంటే తన వేలిముద్ర కావాలి, ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఆ ట్యాబ్ ఎక్కడుందమ్మా?"

"స్విచ్చాఫ్ చేసి ఆ సారే పట్టుకెళ్ళారండి."

జాబితాలో ఐదోది. గ్రాఫు సార్ చెయ్యి సంచి మీద పడేలోపే అధికారి చెయ్యి దాని మీద పడింది. సాక్ష్యాన్ని ఆన్ చేస్తే డేటా చెడిపోతుందని గ్రాఫు సార్ గొంతు చించుకున్నాడు. వెతకమని మీరే అన్నారు కదా, వెతుకుతున్నాం అని అధికారి ట్యాబ్ ఆన్ చేశాడు. టెస్టర్ ఫోన్లోంచి తాళం నంబరు చెప్పింది. తెర వెలిగింది. ఒక చక్రం తిరిగింది, ఆగింది. ఆకుపచ్చ గీత ఒకటి కొండలూ లోయలుగా పరిగెత్తడం మొదలుపెట్టింది. పక్కన ఒక అంకె. తొంభై ఎనిమిది.

అదేమిటని అధికారి అడిగాడు.

"గుండె కొట్టుకోవడం సార్" అని ఫోన్లోంచి టెస్టర్ జవాబిచ్చింది. "వాచీ ఎవరో చేతికి పెట్టుకున్నారు."

నూట ఆరు. పిన్ని కదలకుండా గ్రాఫు సార్ వైపు చూసింది. నూట పద్దెనిమిది. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. నూట ముప్పై ఒకటి.

తెలివైన పనే చేశాడని ఆమె లోపల ఒప్పుకుంది. పైకి చూస్తే కొత్త వాచీకీ, కంపెనీ తన మనుషులందరికీ ఉచితంగా ఇచ్చే పాత వాచీకీ తేడా లేదు. గేటు దగ్గర సంచులు వెతుకుతారు, జేబులు తడుముతారు, చేతికున్న వాచీని ఎవరు అడుగుతారు? జీవితమంతా గ్రాఫులు చూపించిన మనిషి ఇవాళ తన గ్రాఫు తనే చూడాల్సి వచ్చింది. అధికారి ఆయన మణికట్టు పట్టుకుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

వాచీ అక్కడే ఉంది, మెరుస్తూ.

పిన్ని ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది. ఇలాంటి క్షణం కోసమే తను ఈ వయసులో మేడ మెట్లు ఎక్కుతున్నది. అధికారి ఇద్దరు మనుషులను పంపమని స్టేషన్‌కు ఫోన్ చేశాడు, ఆ వెంటనే కంపెనీ యజమానికి చేసి కేసు మారిందని చెప్పాడు. గ్రాఫు సార్ కుర్చీలో కూర్చుని ఏదో అనబోయి, తెర మీద అంకె నూట నలభై దాటడం చూసి మానేశాడు.

మూలన కుర్రాడు సందేహిస్తూ నోరు విప్పాడు.

"పిన్నీ, లైవ్ పెట్టనా?"

ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుంది ఆమె. అంతలోనే ఆలోచించి, పెట్టు నాయనా, అయితే ముందు నువ్వు చేసిందంతా నీ నోటితో చెప్పాలి అంది. అధికారిని అడిగితే ఆయన కాసేపు మీసం సవరించుకుని, నేరస్థుడి మొహం కనిపించకూడదు, చెయ్యి మాత్రమే అన్నాడు. అరవై లక్షలమంది ముందు పోయిన పరువు నాలుగు గోడల మధ్య తిరిగి రాదని ఆయనకూ తెలుసు.

మూడూ ఇరవైకి లైట్లు వెలిగాయి. కుర్రాడు కెమెరా ముందు కట్టు చెయ్యి చూపించి, పెట్టె ముందే విప్పానని, అబద్ధమాడానని, వాచీ మారిందని చెప్పాడు. ఏదీ దాచుకోలేదు. చూసేవాళ్ళ సంఖ్య వేలు దాటింది, లక్ష దాటింది. అధికారి ఒక మణికట్టును తెచ్చి గాజు గిన్నెలో నిన్నటి నీళ్ళలోకి దించాడు. టెస్టర్ ట్యాబ్‌ను పిన్ని పక్కనే నిలబెట్టి పట్టుకుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. నిన్న పొగ వచ్చిన నిమిషం కూడా దాటిపోయింది. ఆకుపచ్చ గీత నీళ్ళలోంచి అలాగే పరిగెడుతోంది, ఒక్క కొండా తప్పలేదు. కింద వ్యాఖ్యల్లో 'కుంపటి' అన్న మాట కనబడకుండా పోయి, ఆ టెస్టర్ ఎవరు, ఆమెకు క్షమాపణ చెప్పారా అన్న ప్రశ్నలు వరస కట్టాయి.

ఫోన్లో టెస్టర్ ఇదంతా చూస్తోంది. రెండు రోజులుగా రాని కన్నీళ్ళు ఇప్పుడొచ్చాయి. ఆమె వెనక గదిలోకి యజమాని, నలుగురైదుగురు పనివాళ్ళు వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఎవరో ఆమెకు కుర్చీ జరిపారు. చేతులు జోడించి ఏదో చెప్పబోతున్న యజమానిని కూడా ఆమె గమనించలేదు, తెర మీది గీతనే చూస్తోంది.

"నీ వాచీ బాగానే పనిచేస్తోందమ్మా" అంది పిన్ని.

నాలుగింటికి రాయాల్సిన కేసు కాగితాన్ని అధికారి నిలువుగా చించి జేబులో పెట్టుకున్నాడు. కొత్తది తీసి గబగబా నాలుగు వాక్యాలు రాశాడు. తరవాత ఫోను దగ్గరకు వచ్చి, ఇది మీరు పరీక్షించిన వాచీయేనని సాక్ష్యం కింద ఒక సంతకం కావాలనీ, కాగితం ఫోనుకు పంపిస్తాననీ, ఇప్పుడే పెట్టేస్తే పని అయిపోతుందనీ చెప్పాడు.

టెస్టర్ కళ్ళు తుడుచుకుని, బల్ల మీది పెన్ను అందుకుని, నిటారుగా కూర్చుంది.

"వాచీ ఇక్కడికి తీసుకురండి సార్. నేను చూడకుండా సంతకం పెట్టను."